చైనా అతిథుల కోసం రిసార్ట్‌ను సిద్ధం చేసిన నా అనుభవం

మాది రాజమండ్రి. మాల్దీవుల్లోని ఒక రిసార్ట్‌లో గెస్ట్ రిలేషన్స్ చూస్తాను. కోవిడ్‌కి ముందు చాలా ఏళ్లు ఇక్కడికొచ్చే పర్యాటకుల్లో చైనావాళ్లదే మొదటి స్థానం. 2023 జనవరి 8న చైనా సరిహద్దులు తెరిచాక మళ్లీ రావడం మొదలుపెట్టారు, 2024 నాటికి ఆ మొదటి స్థానమూ తిరిగొచ్చింది. వాళ్ల కొత్త సంవత్సరం సెలవులకి రిసార్ట్‌ను సిద్ధం చేసే పని నాకు అప్పగించారు.

డబ్బున్న చైనావాళ్లంటే బ్రాండెడ్ బ్యాగుల కోసమే వస్తారన్న మాట మా ఆఫీసులో ఇంకా వినిపిస్తుండేది. ఆ రోజులు మారాయి. 2020 జూలై నుంచి వాళ్ల హైనాన్ దీవిలోనే మనిషికి ఏడాదికి లక్ష యువాన్ల దాకా సుంకం లేకుండా కొనుక్కోవచ్చు. ఇంత దూరం వచ్చేది సముద్రం కోసం, ఏకాంతం కోసం, ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు ఒక్కచోట గడపడం కోసం. తాత, బామ్మ, భార్యాభర్తలు, ఒక పిల్లాడు కలిసి రెండు విల్లాలు తీసుకునే కుటుంబాలు మాకు ఎక్కువ.

ముందు కబురు చేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. చైనాలో గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ పనిచేయవు. రిజిస్ట్రేషన్ పత్రాలు, ఏడాదికి 99 డాలర్ల వెరిఫికేషన్ ఫీజు కట్టి, అక్కడివాళ్లు కబుర్లకి వాడే వీచాట్ యాప్‌లో అధికారిక ఖాతా తెరిచాం. ఫోన్‌తో డబ్బు కట్టడానికి వీచాట్ పే, అలీపే పెట్టాం. అంతకన్నా పెద్ద పని, వాళ్లు ప్రయాణాల ఫొటోలు, అనుభవాలు పంచుకునే షావోహాంగ్‌షు అనే యాప్ చదవడం. చైనాలోని చెంగ్డూ నుంచి వచ్చిన సహోద్యోగి పక్కన కూర్చుని చదివి చెప్పేది. షాంఘై అతిథి ఒకావిడ అందులోని ఫొటో స్క్రీన్‌షాట్ పంపి, నీటిమీద పడుకోవడానికి కట్టిన ఆ వల ఏ విల్లాది, అది సూర్యోదయం వైపా, అస్తమయం వైపా, ఎన్ని గంటలకి వెలుతురు బాగుంటుంది అని అడిగారు. బయల్దేరకముందే అంత వివరంగా చూసుకునే మనిషికి బ్రోషర్ పంపితే ఏం లాభం? ఆ విల్లాకి వెళ్లి గంటగంటకీ ఫొటోలు తీసి పంపాం. మర్నాడే బుక్ చేశారు.

గది ఏర్పాట్లు తేలిగ్గానే అయ్యాయి. హిల్టన్ హోటళ్లు 2011లోనే చైనా అతిథులకని హువాన్‌యింగ్ (అంటే స్వాగతం) పేరుతో కెటిల్, టీ, చెప్పులు, చైనీస్ టిఫిన్ అన్నీ ఒక పద్ధతిగా పెట్టాయి. మేమూ అక్కడినుంచే మొదలుపెట్టాం. వాళ్లకి 4 అశుభం, 8 శుభం కాబట్టి 4 అంకె ఉన్న విల్లాలు పక్కన పెట్టి, 8 ఉన్నవి పెద్దవాళ్లకి ఇచ్చాం.

వంటింట్లో మాత్రం టెన్షన్ పడ్డాం. వాళ్లు టిఫిన్‌కి తినే గంజికి బాస్మతి పనికిరాదు, పొట్టి గింజ బియ్యం మెత్తగా విడిపోయేదాకా ఉడకాలి. పక్కన ఉప్పు గుడ్డు, ఊరబెట్టిన ఆవకూర, ఉల్లికాడలు, వేడి సోయా పాలు. నూనెలో వేయించే యూతియావ్ అనే పిండి కడ్డీలు చల్లారితే సాగుతాయి, అందుకే అక్కడికక్కడే వేయించే కౌంటర్ పెట్టించాను. మనం ఆవకాయ సీసా సర్దుకున్నట్టే వాళ్లు లావో గాన్ మా కారం తెచ్చుకుంటారు. అదీ టేబుల్ మీద పెట్టాం. మొదటి ఉదయం ఒక బామ్మగారు గోరువెచ్చని నీళ్లు అడగకముందే రావడం చూసి, గ్లాసు పట్టుకుని మా కుర్రాడి చేయి నొక్కారు.

ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడలేదు. ఈత రాకపోయినా స్నార్కెలింగ్‌కి దిగేవాళ్లు చాలామంది. లైఫ్ జాకెట్ లేకుండా పంపేది లేదని, జాగ్రత్తలు చైనీస్‌లోనే చెప్పాకే నీళ్లలోకి దించాలని పట్టుబట్టాను. ఫొటోకి జాకెట్ అడ్డమన్నవాళ్లకి లోతులేని చోట ఫొటోగ్రాఫర్‌ని ఇచ్చాం.

సెలవులు బాగా గడిచాయి. అక్టోబర్ 1 జాతీయ దినోత్సవ సెలవులకి చైనీస్ మాట్లాడే డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ కావాలని అడిగాను. మేనేజర్‌గారు ఒప్పుకున్నారు, ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి.