బట్టను తిరగేసి చూడనివ్వండి

తిరుపతిలో ఈ మధ్య మాలాంటి చిన్న డిజైనర్లకు ఒక పోటీ జరిగింది. అందులో రెండో రౌండ్ గురించి రాయాలని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఆ రౌండ్‌లో కత్తెరతో, మిషన్‌తో పని లేదు. తోటివాళ్లు కుట్టి తెచ్చిన బట్టల్ని దగ్గరికెళ్లి చూసి, కుట్టినవాళ్ల ముందే అభిప్రాయం చెప్పాలి. ఎవరెంత బాగా చూశారన్నదానికీ మార్కులున్నాయి. మాలో చాలామందికి అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. రాత్రంతా కూర్చుని కుట్టమంటే కుడతాం. మనిషిని ఎదురుగా పెట్టుకుని "నీ బ్లౌజు చంక దగ్గర లాగుతోందక్కా" అని చెప్పాలంటే గొంతు పెగలదు. దాంతో ముందు మాట్లాడినవాళ్లంతా కలర్ కాంబినేషన్ బాగుంది, ఫినిషింగ్ బాగుంది అని చెప్పి కూర్చున్నారు. కుట్టిన అమ్మాయికి ఆ మాటల వల్ల ఒరిగిందేమీ లేదు.

థీమ్ మాత్రం మా ఊరికి తగ్గట్టే ఇచ్చారు: కొండకు వెళ్లే భక్తుల బట్టలు. తిరుమలలో ఆర్జిత సేవలకు మగవాళ్లు పంచె గానీ కుర్తా పైజామా గానీ కట్టుకోవాలి. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, చున్నీతో చుడీదార్. ఈ హద్దులోనే డిజైన్ చేయాలి. అది చిన్న పనేం కాదు. అలిపిరి దారిలో దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. కొందరు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతారు, అంటే మెట్టుమెట్టుకూ వంగి లేవాలి. మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీద ఎక్కేవాళ్లూ ఉంటారు. పైకి చేరాక కొందరు కల్యాణకట్టలో తలనీలాలిచ్చి స్నానం చేస్తారు. తర్వాత కంపార్ట్‌మెంట్‌లో గంటలకొద్దీ కూర్చోవాలి. ఇంతా చేసిన బట్ట స్వామి ముందు నిలబడేటప్పటికి ఇంకా బట్టలాగే ఉండాలి.

అందుకే నేను ప్రతి బట్ట దగ్గరా ఇదొక్కటే చూశాను: దీన్ని వేసుకుని అలిపిరి పాదాల మండపం దగ్గర బయల్దేరితే పైకి ఎట్లా చేరతాం? నాకు నచ్చే రంగేది, నేనైతే ఏం కుట్టేదాన్ని అన్న సంగతి అక్కడ అనవసరం.

ఇంకోటి కూడా అడిగాను, "తిరగేసి చూడొచ్చా?" అని. ఒకరిద్దరు ఇబ్బంది పడ్డారు. నేను మా వీధి టైలర్ దగ్గర పని నేర్చుకున్నదాన్ని, ఆయన ఏ జాకెట్టునైనా ముందు లోపలి వైపే చూసేవాడు. లోపల పక్క కుట్ల దగ్గర ఎంత గుడ్డ వదిలారో చూస్తే, ఒళ్లు వచ్చినప్పుడు విప్పుకునే వీలుందో లేదో తెలుస్తుంది. ఓవర్‌లాక్ చేశారా, పచ్చి అంచు అట్లే వదిలేశారా, హుక్కుల పట్టీ కింద దళసరి గుడ్డ వేశారా, ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి. బయటి వైపు ఇస్త్రీ పెట్టెతో చాలా దాచొచ్చు.

శ్రీకాళహస్తి నుంచి వచ్చిన అమ్మాయి బట్ట దగ్గర ఎక్కువసేపు నిలబడిపోయాను. చేతితో వేసిన కలంకారి మీద పొడుగు చేతుల అనార్కలి. బొమ్మ గజేంద్ర మోక్షం. వాళ్ల చిన్నాన్నే వేశారట. అచ్చు గుడ్డ కాదని చూడగానే తెలిసింది. వెదురు కలంతో గీసిన గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా నడుస్తుంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో గీసి, పటిక పెట్టి, ఎరుపు కోసం ఉడకబెట్టి, మళ్లీ మళ్లీ ఉతికి చేసే పని అది. శ్రీకాళహస్తి కలంకారికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పని చేసిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇంత ఉన్న గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే ధైర్యం కావాలి, ఆ అమ్మాయికి ఉంది. బొమ్మను అమర్చిన తీరు కూడా ఆలోచించి చేసిందే. స్వామి, గరుత్మంతుడు ఛాతీ మీదికి, ఏనుగు నడుము దగ్గరికి, మొసలి, తామరలు కింద విచ్చుకునే గేరాలోకి వచ్చాయి. నేల మీద కూర్చున్నా దేవుడి బొమ్మ కిందికి పోదు. ఈ సంగతి ముందుగా చెప్పాను, ఎందుకంటే అది ఎవరి కంటా పడలేదు.

తర్వాత అసలు సంగతి. ముందు భాగం ప్రిన్సెస్ కట్, అంటే షేప్ కోసం పైనుంచి ఛాతీ మీదుగా కిందికి నిలువు కుట్లు వేస్తారు. ఎడమ వైపు కుట్టు స్వామి ముఖం మీదుగా పోయింది. ఒక కన్ను పూర్తిగా లోపలి మార్జిన్‌లోకి వెళ్లిపోయింది. తిరగేస్తే ఆ కన్ను కనిపించింది, నాకు మనసు చివుక్కుమంది. అమ్మాయితో ఇట్లా చెప్పాను: "షేప్ కోసం ఈ కుట్టు ఇక్కడే ఉండాలని లేదమ్మా. మధ్య ప్యానెల్ వెడల్పు చేసి ఒక్క ముక్కగా ఉంచు. షేప్ అంతా పక్క డాట్లలోకి తీసుకో. ఇంకా మంచిదేమిటంటే, ముందు పాత గుడ్డతో ట్రయల్ కుట్టుకో. ఆ కొలతలు బొమ్మ వేసే గాడా నూలు గుడ్డ మీద గుర్తు పెట్టి చిన్నాన్నకు ఇవ్వు. అన్నిసార్లు నీళ్లలో పడ్డాక గుడ్డ కొంత కుంచించుకుపోతుంది కాబట్టి కొలత కాస్త పెద్దదిగా వేసుకో."

ఆ అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. "ముందే గీతలు గీసి ఇస్తే చిన్నాన్న ముట్టుకోడక్కా. బొమ్మ తన చోటు తనే వెతుక్కుంటుంది అంటాడు."

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. బొమ్మ వేసేవాళ్లకు గుడ్డంటే మొత్తం పటం. మాకేమో ముక్కలు. ఈ రెండింటి మధ్య బేరం ఆ ఇంట్లోనే తేలాలి. కానీ ఆ కన్ను మాత్రం లోపలికి పోకూడదు. ఈ మాట మీద నేను గట్టిగానే నిలబడ్డాను.

వెంకటగిరి జాందానీ చీరతో లంగా ఓణీ కుట్టి తెచ్చినావిడ నాకంటే పెద్దది, సొంత బొటీక్ ఉంది. వెంకటగిరి నూలు ఎంత సన్నంగా ఉంటుందో కట్టినవాళ్లకు తెలుసు, ఎండాకాలం ఒంటి మీద ఉన్నట్టే అనిపించదు. ఆవిడ దాని కింద లంగా ఉబ్బుగా నిలబడేందుకు వేసే గట్టి కాన్‌కాన్ నెట్ వేసి, అంచుకు బరువైన అద్దాల లేసు పెట్టింది. నడుము పట్టీ దగ్గర ఆ బరువుకు నూలు పోగులు అప్పుడే జరిగిపోయి కుట్టు వెంట సందులు కనబడుతున్నాయి. చేత్తో ఒక్కో పోగూ ఇరికించి నేసిన బుటాలను సగంలో కత్తిరించిన చోట పోగులు బయటికి వస్తున్నాయి. వేలు పెట్టి చూపించాను. ఆవిడ ముఖం ముడుచుకుని, "కాన్‌కాన్ లేకుంటే ఫోటోలో లంగా వాలిపోతుంది కదా" అంది. నిజమే, పెళ్లికైతే ఆ లంగాకు నేను పూర్తి మార్కులు వేసేదాన్ని. మెట్ల మీద మాత్రం ఆ నెట్ మోకాళ్లను గీరుతుంది, లేసు కాళ్లకు చుట్టుకుంటుంది. ఆ సన్నటి నూలుకు ఫ్రెంచ్ సీమ్ (పచ్చి అంచు లోపలే ఉండిపోయేలా రెండుసార్లు వేసే కుట్టు) వేసి, బరువు తీసేసి, చీర అంచునే లంగా అంచుగా ఉంచితే చాలని చెప్పాను. ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం ఫ్రెంచ్ సీమ్‌కు ఎంత గుడ్డ వదలాలని అడిగింది.

నాకు బాగా నచ్చింది చిత్తూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడి పంచె, కుర్తా. చూడ్డానికి ఏ హంగూ లేదు. మెడకు కాలర్ లేదు, ఎందుకంటే గుండు చేయించుకున్నాక వెంట్రుకలు కాలర్‌లో చిక్కుకుని రోజంతా గుచ్చుతాయి. గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు కాబట్టి పెద్ద జేబు మానేసి, టికెట్టు, ఆధార్ కార్డు పట్టేంత జేబు లోపలి వైపు పెట్టాడు. ఇట్లాంటివి చెప్పకపోతే మెచ్చుకోలు కూడా గాలిమాటే అవుతుంది. లోపం ఒకటే. పక్క ఓపెన్ మొదలయ్యే చోట అడ్డకుట్టు లేదు. ఎత్తు మెట్టు మీద కాలు వేస్తే బలమంతా అక్కడే పడి చిరుగుతుంది. "రెండు టాకాల పని తమ్ముడూ" అన్నాను. అక్కడికక్కడే సూది తీశాడు.

"నాకు ఈ రంగు ఇష్టం లేదు" అని ఒకరు, "ఇట్లాంటిది ఆన్‌లైన్‌లో చూసినట్టుంది" అని ఇంకొకరు అన్నారు. మొదటి మాట పనికిరాదు. రెండో మాట తప్పు. కాపీ అనే మాట అనాలంటే ఎక్కడ చూశారో చూపించాలి, లేదంటే మానుకోవాలి. ఆ మాట పడ్డ అమ్మాయి తర్వాత ఏ బట్ట దగ్గరా నోరు తెరవలేదు, మార్కులు పోగొట్టుకుంది. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంది.

నా లంగా ఓణీ మీద కూడా మాటలొచ్చాయి. వంగినప్పుడు జారకుండా, రెండు చేతులూ ఖాళీగా ఉండేలా ఓణీ కుచ్చిళ్లు భుజం దగ్గర కుట్టేశాను. "కుట్టేశాక అది ఓణీ ఎట్లవుతుంది? చలేస్తే కప్పుకోవాలి, చెమట పడితే తుడుచుకోవాలి కదక్కా" అని చిత్తూరు కుర్రాడే అన్నాడు. మెట్లకు కుట్టిన ఓణీయే మేలని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ రౌండ్‌లో నాకు వచ్చిన మంచి ప్రశ్న అదే.

మొదటి బహుమతి అతనికే ఇచ్చారు. నన్నడిగినా అతనికే ఇచ్చేదాన్ని.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటుంది. వచ్చేసారి ఈ రౌండ్‌లో బట్టల్ని డమ్మీలకు తొడగవద్దు. డమ్మీ వంగదు, కూర్చోదు, దానికి చెమట పట్టదు. మనుషులకు వేసి, హాలు బయట ఉన్న మెట్లు నాలుగైదు సార్లు ఎక్కి దిగమనండి. నేల మీద కాసేపు కూర్చోబెట్టండి. లేచి నిలబడ్డాక మా అభిప్రాయం అడగండి. ఒక్కో బట్టకు ఇచ్చిన సమయం కూడా చాలలేదు. తిరగేసి, కుట్టు లాగి చూసి, కుట్టినవాళ్ల జవాబు వినాలంటే కనీసం పది నిమిషాలు కావాలి.