నోడ్ బతికుంటే చాలదు: రూల్స్ ఇంజిన్‌కి క్లస్టర్

దరఖాస్తు పాసా, రిజెక్టా వంటి నిర్ణయాలను రూల్స్ చూసి చెప్పే బిజినెస్ రూల్స్ సర్వర్‌కి క్లస్టర్ (ఒకే పని చేసే సర్వర్ల గుంపు) అనగానే అందులో ఒక నోడ్, అంటే ఒక సర్వర్, పడిపోతే ఎలా అనే అందరూ ఆలోచిస్తారు. అది తేలిక. అసలు చిక్కు, నోడ్లన్నీ నిక్షేపంగా నడుస్తూనే ఒకటి పాత రూల్స్‌తో, ఇంకొకటి కొత్త రూల్స్‌తో జవాబివ్వడం. ఒకే దరఖాస్తు ఒకసారి పాసవుతుంది, మళ్లీ పంపితే రిజెక్ట్. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, అలర్ట్ రాదు.

డ్రూల్స్ అనే రూల్స్ ఇంజిన్‌లో దీనికి తరచూ కారణం కీస్కానర్, అంటే కొత్త రూల్స్ వచ్చాయేమో వెతికి తెచ్చుకునే భాగం. వెర్షన్ దగ్గర లేటెస్ట్ అని పెట్టి స్కానర్ ఆన్ చేస్తే ఒక్కో నోడ్ మావెన్ రిపోజిటరీని (రూల్స్ ప్యాకేజీలు దాచే చోటు) తన వీలునుబట్టి చూసుకుంటుంది. రిపోజిటరీ అందని నోడ్ పాత రూల్స్‌తోనే కాలం గడిపేస్తుంది. ప్రొడక్షన్‌లో స్కానర్ ఆపేయండి. వెర్షన్ నంబర్ ఖరారు చేసి, డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టే ఒక్కో నోడ్‌ని డ్రెయిన్ చేసి (కొత్త రిక్వెస్టులు ఆపి, చేతిలోవి ముగియనిచ్చి), కొత్త వెర్షన్ ఎక్కించి, నమూనా రిక్వెస్టులు కొన్ని పంపి చూసి, తిరిగి కలపాలి. ఆ నమూనాలు మానేస్తే మొదటి అసలు రిక్వెస్టులు నత్తనడక నడుస్తాయి.

ఇంత చేసినా మధ్యలో కాసేపు రెండు వెర్షన్లూ నడుస్తాయి. అదీ కుదరదంటే కొత్త రూల్స్‌కి డేట్-ఎఫెక్టివ్ (అమల్లోకి వచ్చే సమయం), పాతవాటికి డేట్-ఎక్స్‌పైర్స్ (ముగిసే సమయం) పెట్టి ముందురోజే అన్ని నోడ్లకీ ఎక్కించండి. అప్పుడు భారమంతా గడియారాల మీద పడుతుంది కాబట్టి ప్రతి నోడ్‌లో గడియారాన్ని సరిచేసే క్రోనీ నడవాలి, టైమ్‌జోన్ ఒక్కటే ఉండాలి.

రిక్వెస్టులను నోడ్లకి పంచే ప్రాక్సీ హెచ్‌ఏప్రాక్సీ. దాని హెల్త్ చెక్ డిఫాల్ట్‌గా 2 సెకన్లకోసారి, 3 సార్లు తప్పితే నోడ్‌ని పక్కన పెడుతుంది. అంటే సుమారు 6 సెకన్లు కొన్ని రిక్వెస్టులు పోతాయి. కాలర్, అంటే అడిగిన అప్లికేషన్, మళ్లీ పంపాల్సిందే. అలా పంపితే ఒకే పని రెండుసార్లు జరగకూడదు, అందుకే రూల్స్ సర్వీస్ నిర్ణయం చెప్పి ఊరుకోవాలి, డేటాబేస్‌లో ఏదీ రాయకూడదు. సెషన్ కూడా స్టేట్‌లెస్‌గా, అంటే పాత రిక్వెస్టుల సంగతి గుర్తుపెట్టుకోకుండా, ఉంటే ఏ నోడ్ అయినా జవాబివ్వగలదు, ఒక కాలర్‌ని ఒకే నోడ్‌కి కట్టేసే స్టిక్కీ సెషన్ల గొడవ ఉండదు.

ప్రాక్సీ ఒక్కటే ఉంటే క్లస్టర్ కట్టి లాభం లేదు. రెండు పెట్టి, కీప్‌అలైవ్డ్ అనే ప్రోగ్రామ్‌తో వర్చువల్ ఐపీ (ఒక ప్రాక్సీ పోతే రెండోదానికి మారే చిరునామా) ఇవ్వండి. ఆ రెండూ మాట్లాడుకునే ప్రోటోకాల్ వీఆర్ఆర్‌పీ, ఫైర్‌వాల్‌లో దాన్ని తెరవడం చాలామంది మర్చిపోతారు. అది టీసీపీ కాదు, ఐపీ ప్రోటోకాల్ 112. మూసి ఉంటే రెండూ మాస్టర్లమనుకుని ఒకే ఐపీని పట్టుకుంటాయి. మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ పంపడం) సాగని నెట్‌వర్క్‌లో యూనికాస్ట్ పీర్, అంటే రెండోదాని నేరు చిరునామా, రాయాలి.

కెపాసిటీ లెక్క చిన్నదే: మూడు నోడ్లు 60 శాతం చొప్పున నడుస్తుంటే, ఒకటి పోయాక మిగతా రెండూ 90కి చేరతాయి. రూల్స్‌కి కావాల్సిన డేటాను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి చదువుతుంటే కనెక్షన్ పూల్ (ఒక్కో నోడ్ తెరిచి ఉంచే కనెక్షన్లు) కూడా చూసుకోండి. 3 నోడ్లకి 40 చొప్పున 120. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100, అంటే చాలదు.

పరీక్షకి ప్రాసెస్‌ని చంపే కిల్ -9 ఒక్కటే సరిపోదు. ప్రాసెస్ చచ్చిపోతే పోర్ట్ మూసుకుంటుంది, ఏ చెక్ అయినా పట్టేస్తుంది. ప్రాసెస్‌ని చంపకుండా నిలిపేసే కిల్ -స్టాప్ ఇవ్వండి. ప్రాసెస్ నిలిచిపోయినా కర్నెల్ కనెక్షన్లు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి ఉత్త టీసీపీ చెక్ ఆకుపచ్చగానే చూపిస్తుంది. హెచ్‌టీటీపీ చెక్ పెట్టి, ఆ చిరునామాలో నోడ్ తన రూల్స్ వెర్షన్ చెప్పేలా, ఉండాల్సిన వెర్షన్‌తో సరిపోకపోతే 503 (సర్వీస్ అందుబాటులో లేదనే కోడ్) ఇచ్చేలా రాయండి. నోడ్ నిలిచి ఉండగా కొత్త వెర్షన్ విడుదల చేసి, ఆపైన నిలిపిన ప్రాసెస్‌ని మళ్లీ నడిపించే కిల్ -కాంట్ (CONT) కొట్టి చూడండి. లేచిన నోడ్ పాత రూల్స్‌తో వరసలోకి రాబోతే ఆ 503 దాన్ని గుమ్మం దగ్గరే ఆపాలి.