గడీలో వినిపించే తెలుగు: ‘చిల్లర దేవుళ్లు’ శైలి గురించి

దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ కథావస్తువు దగ్గరే ఆగిపోవడం గమనిస్తుంటాను. తెలంగాణ సాయుధ పోరాటం రాజుకోకముందు నిజాం రాజ్యంలోని ఒక పల్లె, అక్కడి దేశ్‌ముఖ్ అనే దొర, ఆయన కోటలాంటి ఇల్లు గడీ, కూలి లేని చాకిరీ అయిన వెట్టి, గడీలో దాసీలైన ఆడబాపల బతుకు, ఇవన్నీ చరిత్రగా ముఖ్యమైనవే. అయితే ఆ చరిత్రను ఏ గొంతుతో, ఎంత దూరంలో నిలబడి చెప్పాలో రచయిత తేల్చుకున్న తీరే నన్ను ఈ నవల దగ్గరికి మళ్లీ మళ్లీ తీసుకువస్తున్నది.

ఈ నవలలో రెండు తెలుగులున్నాయి. కథకుడు పత్రికలకూ పుస్తకాలకూ అలవాటైన శిష్ట వ్యావహారికంలో కథ నడుపుతాడు. ఊరి మనుషులు మాత్రం తమ పలుకుబడిలోనే మాట్లాడతారు. పైకి ఇది మామూలు విభజనే. కాని చాలాకాలం పాటు మన సినిమాల్లో తెలంగాణ మాట పనివాళ్ల నోటనో, నవ్వించే పాత్రల నోటనో, రౌడీల నోటనో తప్ప వినిపించలేదన్న సంగతి గుర్తు చేసుకుంటే రంగాచార్య చేసిన పని విలువ తెలుస్తుంది. ఇక్కడ వెట్టివాడిదీ ఆ యాసే, దొరదీ ఆ యాసే. భాష ఒకటే కావడం వల్ల, ఎవరు పైన ఎవరు కింద అన్నది యాస వల్ల తెలియదు. మాట ఎవరు మొదలుపెడతారు, ఎవరు ఆజ్ఞాపిస్తారు, ఎవరు సగంలోనే ఆగిపోతారు అన్నదాన్ని బట్టి తెలుస్తుంది.

‘నీ బాంచెన్, కాల్మొక్త’ అన్న ఆనాటి పలుకునే చూడండి. దొరను ఉద్దేశించిన ఆ మాటలో బహువచనం లేదు, ‘నీ’ అనే ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు కూడా తమకన్నా పెద్దవాళ్లను ‘నువ్వు’ అనే పిలిచేవారు, అందులో అగౌరవం ఏ కోశానా ఉండేది కాదు. ఎదుటివాణ్ణి బహువచనంతో పెంచకుండా, తనను తాను బాంచగా, అంటే బానిసగా చెప్పుకొని తగ్గించుకోవడం ద్వారా ఆ మాట దొరతనాన్ని నిలబెడుతుంది. ఇలాంటి భాషను సంభాషణలో ఉన్నదున్నట్టు వినిపించగల రచయితకు అణచివేత గురించి వేరే ఉపన్యాసం అవసరం ఉండదు.

ఉర్దూ మాటల సంగతి కూడా ఇలాంటిదే. 1928లో పుట్టిన రంగాచార్య ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నారు, తర్వాతి కాలంలో వేదాలను తెలుగులోకి తెచ్చారు. ఆ రెండు కొసల మధ్య ఆయన వాక్యం చాలా తేలికగా తిరుగుతుంది. పట్వారీ, అమీన్, తహసీల్దార్, గిర్దావర్ వంటి సర్కారు ఉద్యోగాల మాటలు స్థానిక రంగు కోసం అద్దినవి కావు. రైతు మీద అధికారం నిజంగానే ఆ భాషలో దిగేది. హైదరాబాదులో పెరిగిన పాఠకుడికి వీటిలో చాలావాటికి అర్థం చెప్పనక్కరలేదు.

బయటి పాఠకుడి కోసం రచయిత పెట్టిన ఏర్పాటు పాణి. బతుకుతెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన ఈ సంగీతజ్ఞుడు గడీలోకి అడుగుపెడతాడు కాబట్టి అక్కడివాళ్లకు నిత్యమైనదల్లా అతనికి వింతగానూ భయంగానూ కనిపిస్తుంది. మాట మీద, స్వరం మీద చెవి నిలిపే మనిషిని ఈ స్థానంలో పెట్టడం చాలా తెలివైన ఎంపిక అనుకుంటాను. మనం పాణితో పాటు ముందు వింటాము, తర్వాత అర్థం చేసుకుంటాము.

కథనంలోని వాక్యాలు చాలావరకు పొట్టివి. క్రూరమైన ఘట్టాల్లో ఈ పొదుపు బాగా పనిచేస్తుంది. కథకుడు కన్నీరు పెట్టుకోడు, జరిగింది చెప్పి పక్కకు తప్పుకుంటాడు. కాని వ్యవస్థలను వివరించవలసి వచ్చిన చోట నవలాకారుడి స్థానంలోకి చరిత్రకారుడు వస్తాడు, నడక కాస్త మందగిస్తుంది. 1961లో మరణించిన నవలా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి తలపెట్టిన పనిని, అంటే తెలంగాణ చరిత్రను వరుస నవలలుగా చెప్పడాన్ని, రంగాచార్య తన భుజానికెత్తుకున్నారు గనుక ఆ వివరణల వెనుక ఉన్న బాధ్యత నాకు అర్థమవుతుంది. సంగీతం చుట్టూ అల్లుకున్న ప్రణయ ఘట్టాల విషయంలో మాత్రం ఆ మాట చెప్పలేను. అక్కడ భాష మెత్తబడి, ఆనాటి ఇతర నవలల్లోని ప్రేమ సన్నివేశాలకు దగ్గరవుతుంది. గడీ ముంగిట్లో విన్న మాటకున్న పదును అందులో ఉండదు. నా మటుకు నాకు దొర కూతురు మంజరి కన్నా ఆడబాప వనజే ఎక్కువ గుర్తుండిపోవడానికి కారణం కూడా ఇదే. మంజరి చుట్టూ రచయిత వర్ణన అల్లారు. వనజ విషయంలో ఆమె స్థితే మాట్లాడుతుంది, రచయిత దానికి అడ్డు రారు.