బట్ట అట్ట డైరీ: కాగితం మడత నుంచి పార్సిల్ దాకా

బట్ట అట్ట డైరీ కొనేవాళ్ళు ముందు చూసేది బట్టనే. ఏడాది తర్వాత కూడా ఆ పుస్తకం మేజా మీద చదునుగా తెరుచుకుంటుందా లేదా అన్నది మాత్రం బట్ట చేతిలో ఉండదు. కాగితం పీచు దిక్కు, జిగురులోని తడి, అట్టకూ వెన్నుకూ మధ్య వదిలిన ఖాళీ, ఈ మూడింటి చేతిలో ఉంటుంది. వరంగల్‌లో ఇంటి దగ్గర ఒక్కో విడతకు ఆరు పుస్తకాల చొప్పున కడతాను. కింద ఇచ్చే కొలతలన్నీ ఏ5 సైజు, 160 పేజీల డైరీకి.

కాగితం సంగతి ముందు. ప్రతి కాగితానికీ పీచు ఒక దిక్కుగా సాగి ఉంటుంది, ప్రెస్సుల్లో దాన్ని గ్రెయిన్ అంటారు. ఆ దిక్కు వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే మడత గరుకుగా పగులుతుంది, పేజీలు తెరిచినా పడుకోవు, జిగురు తగిలిన చోట వెన్ను పొడవునా అలలు లేస్తాయి. చిక్కేమిటంటే, దుకాణంలో దొరికే జిరాక్స్ ఏ4 కాగితాల్లో ఎక్కువ శాతం పీచు పొడుగు వైపే సాగి ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే దిక్కు తప్పినట్టే. అందుకే నేను ఏ3 కొంటాను. పొడుగు దిక్కు పీచున్న ఏ3ని సగానికి కోస్తే వచ్చే రెండు ఏ4 ముక్కల్లో పీచు పొట్టి వైపుకు ఉంటుంది. వాటిని మడిస్తే పీచూ మడతా ఒకే దారిలో పడతాయి. కాగజ్‌నగర్ మిల్లు కాగితమైనా, ఇంకెక్కడిదైనా, రీము మీద దిక్కు రాసి లేకపోతే పరీక్షించాలి. షీటును విరగకుండా రెండు వైపులా వంచి చూస్తే, తేలిగ్గా వంగే వైపు మడతే పీచు దారి. అనుమానం తీరకపోతే చిన్న ముక్క ఒక పక్క తడపండి, క్షణాల్లో గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవు ఎటు ఉంటే పీచు అటే.

మందం 100 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితం 100 గ్రాములు. అంతకంటే పలుచనైతే ఇంకు పెన్ను రాత వెనక్కి కనిపిస్తుంది, 120 దాటితే ఫారాలు (మడిచిన షీట్ల కట్టలు) లావెక్కి చేతిలో మొద్దుగా ఉంటాయి. ఇంకు పెన్ను వాడేవాళ్ళు అడగక మానరు కాబట్టి రీము కొనేముందు ఒక షీటు మీద తడి పెన్నుతో పది గీతలు గీసి, అంచులు ఊలులా పాకుతున్నాయేమో చూసుకుంటాను.

నాలుగు షీట్లు ఒకదానిలో ఒకటి పెట్టి మడిస్తే 16 పేజీల ఫారం. పది ఫారాలకు 40 ఏ4 ముక్కలు, అంటే 20 ఏ3 షీట్లు. నాలుగింటినీ ఒకేసారి మడిస్తే లోపలి షీటు జరిగిపోతుంది. రెండేసి మడిచి, ఒకదానిలో ఒకటి దూర్చి, స్టీలు స్పూను వీపుతో గట్టిగా దిద్దుతాను. మడిచిన ఫారాలన్నీ ఒక రాత్రి బరువు కింద ఉండాలి. ఈ ఒక్క పని దాటేస్తే కుట్టు అయ్యాక వెన్ను పొంగి, ఆ తర్వాత ఏం చేసినా దిగదు.

రంధ్రాలకు మందపు కాగితం పట్టీ ఒకటి గుర్తుల కోసం చేసుకోండి. 210 మి.మీ. ఎత్తులో పై నుంచి 15, 60, 73, 137, 150, 195 మి.మీ. దగ్గర ఆరు గుర్తులు. 60-73, 137-150 మధ్య వెన్ను మీద అడ్డంగా 12 మి.మీ. నూలు నాడా పడుతుంది. లంగా దుకాణాల్లో దొరికే తెల్ల నాడాయే, కాకపోతే నేసినది కావాలి, అల్లినది సాగుతుంది. ఫారాన్ని సగం తెరిచి, చెప్పులు కుట్టేవాళ్ళ ఆరెతో సరిగ్గా మడత గాడిలో లోపలి నుంచి బయటికి పొడవాలి. ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా ఆ ఫారం మిగతావాటి కంటే పైకో కిందికో నిలబడుతుంది.

దారం మూడు పోగుల నూలుది, తేనె మైనం మీద రెండుసార్లు లాగినది. మైనం పూస్తే ముడి జారదు, చిక్కు పడదు. పాలిస్టర్ దారం బలమైనదే కానీ కాగితాన్ని కోస్తుంది. లావు దారం కూడా వద్దు. అర మిల్లీమీటరు దారం పది ఫారాల్లో పోతే వెన్ను దగ్గర ఐదు మి.మీ. దాకా ఉబ్బుతుంది. మొత్తం దారం రెండున్నర మీటర్లు పడుతుంది. ఒకేసారి తీసుకుంటే చిక్కు పడుతుంది కాబట్టి సగం అయ్యాక ఫారం లోపల ముడేసి కలుపుతాను.

కుట్టు ఇలా: మొదటి ఫారంలో 15 దగ్గర బయటి నుంచి లోపలికి, 60 దగ్గర బయటికి, నాడా మీదుగా దాటి 73 లోకి, లోపలే నడిచి 137 నుంచి బయటికి, రెండో నాడా దాటి 150 లోకి, 195 నుంచి బయటికి. రెండో ఫారం పైన పెట్టి అదే దారిలో వెనక్కి వచ్చి, 15 దగ్గర మొదట వదిలిన కొసతో ముడి. మూడో ఫారం నుంచి ప్రతి చివరా కింది ఫారం కుట్టు వెనక సూది దూర్చి గొలుసు ముడి వేయాలి. దారం బిగించేటప్పుడు మడత సాగే దారిలోనే, కుట్టు నడిచే వైపుకు లాగాలి. వెనక్కి లాగితే రంధ్రం చీలిపోతుంది, చీలిన ఫారాన్ని మార్చడం తప్ప వేరే మార్గం లేదు.

మొదటి, చివరి ఫారాలకు 120 జీఎస్‌ఎం ఎండ్ పేపరు (పుస్తకాన్నీ అట్టనూ లోపలి వైపు కలిపే కాగితం) మడిచి, మడత అంచున 3 మి.మీ. జిగురు గీత మాత్రమే పూసి అంటిస్తాను. తర్వాత పుస్తకాన్ని నిలబెట్టి తట్టి, వెన్నుకు పలుచగా ఫెవికాల్ పూసి, ఫారాల మధ్యకు వేలితో తోసి ఆరనివ్వాలి. ఆరాకే ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద మూడు వైపులా కోయిస్తాను. వెన్ను ఉబ్బు వల్ల మిషన్ నొక్కుడు ఒకవైపే పడి కోత వాలుగా వస్తుంది. వెన్నుకు ఎదురు అంచు కింద అట్ట ముక్క పెట్టమని చెప్పండి, వినకపోతే పెట్టి చూపించండి. కోత తర్వాత నా పుస్తకం 205 × 145 మి.మీ. ఉంటుంది.

కోత అయ్యాకే వెన్ను మీద పలుచని జాలీ గుడ్డ అంటించాలి, రెండు పక్కలా 25 మి.మీ. మిగిలేలా. నాడా కొసల్ని కూడా అంతే పొడవుకు కత్తిరించాలి. పుస్తకాన్ని అట్టకు పట్టుకునేవి ఈ గుడ్డా, నాడా కొసలే. పేజీ గుర్తుకు పెట్టే రిబ్బన్ పొడవు పుస్తకం మూల నుంచి మూలకు కొలిచి, ఇంకో ఏడు సెంటీమీటర్లు కలిపితే సరి.

ఇక బట్ట. వరంగల్ అనగానే కొత్తవాడ జంపఖానాలు గుర్తుకొస్తాయి. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ నేత పుస్తకం అట్టకు మరీ దళసరి. మూల మడత ఐదారు మిల్లీమీటర్లు లేస్తుంది, అట్ట మూత పడదు. నాకు బాగా కుదిరింది పోచంపల్లి ఇక్కత్ నూలు బట్ట, సాదా చేనేత నూలు బట్ట. పట్టు అందంగా ఉంటుంది కానీ ప్రతి జిగురు చుక్కా మచ్చగా మిగిలిపోతుంది, మొదటి పది పుస్తకాల్లో దాన్ని ముట్టకండి. సిద్దిపేట గొల్లభామ అంచులు కూడా చక్కగా ఉంటాయి, బొమ్మ అట్ట మధ్యకు వచ్చేలా కోయాలంటే బట్ట ఎక్కువ వృథా అవుతుంది, అంతే.

చేనేత బట్టలో గంజి ఉంటుంది. గంజి ఉన్న బట్టకు జిగురు పైపైనే నిలబడి కొన్నాళ్ళకు పొరలా ఊడుతుంది. కాబట్టి ముందు ఉతకాలి. ఉతికేటప్పుడే రంగు దిగుతుందేమో తెలుస్తుంది. ఎరుపు, నలుపు ఇక్కత్‌ని తడి తెల్ల గుడ్డతో రుద్ది చూడండి, మరక పడితే మళ్ళీ ఉతకండి. రంగు దిగే బట్ట మీద తడి జిగురు పూస్తే ఆ ఎరుపు ఎండ్ పేపరు దాకా పాకుతుంది.

కొనేటప్పుడు లెక్క ఇది. ఒక్కో పుస్తకానికి చుట్టూ 18 మి.మీ. మడతతో 350 × 247 మి.మీ. ముక్క కావాలి. 44 అంగుళాల పన్నాలో అడ్డంగా మూడు, మీటరులో నిలువుగా నాలుగు, మొత్తం పన్నెండు ముక్కలు. మడత 20 మి.మీ. పెడితే నాలుగో వరస పడదు, తొమ్మిదే వస్తాయి. ఉతికితే నూలు బట్ట కొంత కుదించుకుంటుంది కాబట్టి మీటరు కాదు, మీటరూ పది సెంటీమీటర్లు కొంటాను. పన్నాలో మిగిలేది తక్కువే, కాబట్టి కోసేముందు ఉతికి ఇస్త్రీ చేసిన బట్టను ఒకసారి కొలవండి.

ఉత్త బట్టను నేరుగా అట్టకు అంటిస్తే జిగురు నేతలోంచి బయటికి ఊరుతుంది, ఆరాక తెల్లటి మచ్చలు. వెనక కాగితం పొర తప్పదు. దర్జీలకు సామాన్లు అమ్మే దుకాణంలో పేస్టింగ్ అడిగితే, ఇస్త్రీతో అంటుకునే పొర ఇస్తారు. ఆవిరి లేకుండా, నూలు వేడి మీద, ఇస్త్రీపెట్టెను జరపకుండా ఒక్కో చోట పది పన్నెండు సెకన్లు నొక్కి ఎత్తాలి. జరిపితే ఇక్కత్ గళ్ళు వంకర పోతాయి. నాకు ఇంకా నచ్చింది మైదా జిగురు పద్ధతి. ఒక వంతు మైదాకు ఐదు వంతుల చల్లటి నీళ్ళు, ఉండ లేకుండా కలిపి, సన్నని సెగ మీద పారదర్శకంగా మారేదాకా ఉడికించి వడకట్టాలి. తడిపిన బట్టను గాజు పలక మీద బోర్లా పరిచి, పోగులు సూటిగా సర్ది, తెల్ల పతంగి కాగితానికి జిగురు పూసి దాని మీద పరవాలి. మధ్య నుంచి అంచులకు బ్రష్‌తో గాలి తోసేస్తే, రాత్రికి ఆరి పలకలా వస్తుంది. ముదురు రంగు బట్టకు మాత్రం పేస్టింగే వాడతాను, మైదా బయటికి వస్తే నలుపు మీద బూడిదలా కనిపిస్తుంది.

మైదా జిగురు వేసవిలో రెండు రోజులు, వానాకాలంలో ఒక్క రోజు ఉంటుంది. వాసన మారితే పారబోయాలి. లేకపోతే బూజు పుస్తకంతో పాటే కొన్నవాళ్ళ ఇంటికి పోతుంది.

అట్ట 2 మి.మీ. కప్పా బోర్డు (బైండింగ్‌కు వాడే గట్టి అట్ట), దీనికీ పీచు దిక్కు నిలువుగానే. రెండు ముక్కలు 142 × 211 మి.మీ. వెన్ను పట్టీ వెడల్పును కుట్టిన పుస్తకం మందానికి 4 మి.మీ. కలిపి కోయాలి. నాకు 12 వస్తుంది కాబట్టి 16. అట్టకూ పట్టీకీ మధ్య ఖాళీ 7 మి.మీ. ఈ ఖాళీ 5కు తగ్గితే అట్ట తెరిచిన ప్రతిసారీ ఎండ్ పేపరును లాగి చింపుతుంది, 9 దాటితే పుస్తకం అట్టలో వదులై ముందుకు వాలుతుంది. ఇక్కడ స్కేలు నమ్మకుండా, 7 మి.మీ. వెడల్పు అట్ట ముక్క రెండు కోసి మధ్యలో అడ్డం పెట్టి అంటిస్తే తప్పు జరగదు.

అట్ట అంటించే జిగురు మూడు వంతుల ఫెవికాల్, రెండు వంతుల మైదా జిగురు. ఒట్టి ఫెవికాల్ ఏప్రిల్, మే నెలల్లో బట్ట సర్దేలోపే ఆరిపోతుంది. ఫ్యాను ఆపి, పొద్దున్నే చేయాలి. జిగురును బట్టకు కాదు, అట్టకు పూయాలి, పలుచగా. మూలల్లో బట్టను 45 డిగ్రీల్లో కోసేటప్పుడు అట్ట మూల నుంచి 3 మి.మీ. వదలాలి. తక్కువ వదిలితే మూలలో అట్ట బయటపడుతుంది, ఎక్కువ వదిలితే ముద్ద కడుతుంది. బట్ట ఆరుతూ అట్టను బయటికి వంచుతుంది. లోపలి ముఖానికి మామూలు కాగితం ఒకటి అంటించి, ఆ లాగుడును సమం చేస్తాను.

చివరిది పుస్తకాన్ని అట్టలో దించడం. ఎండ్ పేపరు కింద ప్లాస్టిక్ షీటు పెట్టి, జాలీ గుడ్డ కిందా పైనా జిగురు పూసి, ప్లాస్టిక్ తీసి, అట్టను ఒక్కసారే మూయాలి. మూశాక తెరిచి చూడాలన్న ఆశ అందరికీ కలుగుతుంది. తెరిస్తే తడి ఎండ్ పేపరు ముడత పడుతుంది. వెన్ను పక్క గాడిలో 4 మి.మీ. అల్లిక సూదులు పెట్టి, అట్టకూ పేజీలకూ మధ్య కొత్త ప్లాస్టిక్ షీటు దూర్చి, చదునైన పలకల మధ్య ఇటుకల బరువు ఉంచాలి. మామూలుగా ఒక రోజు, వానల్లో రెండు. తొందరపడి తీసిన అట్ట మర్నాటికి అప్పడంలా వంగుతుంది.

అమ్మకానికి వస్తే, ఒక్కో పుస్తకానికి నాకు పడేది: బట్ట 28 రూపాయలు, కాగితం 50, అట్ట 18, ఎండ్ పేపర్లు 12, నాడా దారం గుడ్డ రిబ్బన్ 12, జిగురు 5, కోత 5, మొత్తం 130. ఆరు కలిపి చేస్తే ఒక్కోదానికి గంటన్నర పని. గంటకు 100 చొప్పున 150, పాడయ్యేవాటికి 13, ప్యాకింగ్ 15. అంతా 308, నేను అమ్మేది 350కి. చాలామంది సరుకు ఖర్చు మీద ఇంత అని కలిపి 200కు ఇచ్చేస్తారు, కూలి లెక్క వేయరు. దుకాణంలో పెట్టమంటే నూటికి 35 తీసుకుంటామన్నారు. 350లో అది పోతే చేతికొచ్చేది 227, కూలి పూర్తిగా రాదు. అందుకే నేను నేరుగానే అమ్ముతాను.

అచ్చు వేసిన ఇక్కత్ డిజైన్ బట్టతో చేసిన డైరీని చేనేత ఇక్కత్ అని అమ్మడం నాకు అస్సలు నచ్చదు. ఇక్కత్‌లో పోగుకు ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. అచ్చు బట్ట వెనక వెలవెలబోతుంది. అచ్చుదైతే అచ్చుదనే చీటీ మీద రాసి, ధర తగ్గించి ఇస్తే సరిపోతుంది.

పుస్తకం బరువు దాదాపు 350 గ్రాములు, కాగితమే 250. మూలలకు అట్ట తొడుగులు, పైన ప్లాస్టిక్ కవరు, గట్టి పెట్టె కలిపినా 500 గ్రాముల లోపే ఉంచుకుంటే స్పీడ్ పోస్టులో పై శ్లాబు ఛార్జీ పడదు. ప్లాస్టిక్ కవరు వేసేముందు పుస్తకం పూర్తిగా ఆరిందో లేదో చెంపకు ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఇంకో రోజు బయటే ఉంచుతాను.