ట్యాంకు అడుగున మడ్డి

తెరచాప పడవలో డీజిల్ ఇంజిన్‌కు దొరికే పని చాలా తక్కువ. జెట్టీ వదిలి బయటికి రావడానికి, గాలి పడిపోయినప్పుడు, తిరిగి హార్బరులోకి చేరుకోవడానికి తప్ప దానిని ఎవరూ స్టార్ట్ చేయరు. అందువల్ల ఇంజిన్ త్వరగా అరిగిపోదన్న మాట నిజమే కానీ, ట్యాంకులో పోసిన డీజిల్ నెలల తరబడి అలాగే నిలవ ఉండిపోతుంది. విశాఖ ఫిషింగ్ హార్బరులోని మరపడవలను చూస్తే ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. వేటకు వెళ్లిన మరపడవ తన డీజిల్‌ను చాలావరకు కాల్చేసుకుని వచ్చి, మళ్లీ కొత్తది నింపుకుని వెళ్తుంది. మన పడవలో మాత్రం వేసవిలో పోసిన డీజిలే కార్తీక మాసంలోనూ ఉంటుంది. అందుకే తెరచాప పడవలో ఇంధన వ్యవస్థను చూసుకోవడమంటే ముందుగా ట్యాంకును చూసుకోవడమేనని, ఫిల్టర్లూ పంపూ, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లూ ఆ తరువాతి సంగతేనని నేను గట్టిగా నమ్ముతాను.

ట్యాంకుకు అసలు శత్రువు నీరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి గాలి గొట్టం ద్వారా మన తీరపు తేమగాలి చేరి, రాత్రి చల్లబడినప్పుడు ఆ తేమ లోపలి గోడలకు చెమటలా పట్టి అడుగుకు జారుతుందని అందరూ చెబుతారు. అది కొంతవరకు నిజమే, ట్యాంకు నిండుగా ఉంచుకోవడం మంచిదే. అయితే ఎక్కువ నీరు వచ్చేది డెక్ మీద డీజిల్ పోసే మూత దగ్గరి నుంచేనని నా అనుభవం. ఆ మూత కింది రబ్బరు రింగు ఎండకు గట్టిపడి పగిలిందంటే, డెక్ మీద నిలిచిన వాన నీరు, పడవ ముక్కును దాటి వచ్చిన ఉప్పునీరు నేరుగా ట్యాంకులోకి దారి చేసుకుంటాయి. చాలా తక్కువ ఖర్చుతో మార్చగలిగిన ఆ రింగును నైరుతి రుతుపవనాలు రాకముందే మార్చేయాలి.

నీరు డీజిల్ కంటే బరువైనది కనుక అడుగున చేరుతుంది. నీటికీ డీజిల్‌కూ మధ్యనున్న ఆ సరిహద్దులోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కింది నీటిలో బతుకుతూ పైనున్న డీజిల్‌ను తింటూ అవి నల్లటి జిగురు పొరను కడతాయి. దానికి తుప్పు, దుమ్ము తోడైతే తయారయ్యేదే మడ్డి. వీటిని చంపే మందులు దొరుకుతాయి, సీసా మీద రాసిన మోతాదులో వాడితే పనిచేస్తాయి కూడా. కానీ చచ్చిన జిగురు ట్యాంకు వదిలి ఎక్కడికీ పోదు, ఊడి వచ్చి ఫిల్టరుకే అడ్డం పడుతుంది. కాబట్టి ముందు ట్యాంకు మూత విప్పి, అడుగునున్నదంతా చేతిపంపుతో తోడి, పీచు రాలని గుడ్డతో తుడిచి, ఆ తరువాతే మందు వేయాలి.

పడవ జెట్టీకి కట్టి ఉన్నంతకాలం ఈ మడ్డి ఎవరి జోలికీ రాదు. సముద్రం అలజడిగా ఉన్న రోజున పడవ ఊగినప్పుడే అది పైకి లేచి, డీజిల్ పీల్చే గొట్టంలోకి వెళ్తుంది. అలాంటి రోజునే మనం తెరచాప దించి, ఇంజిన్ మీద ఆధారపడి, డాల్ఫిన్ నోస్ కొండను పక్కన పెట్టుకుని హార్బరు ముఖద్వారంలోకి వస్తుంటాం. వెనుక పెద్ద ఓడ, పక్కన రాళ్లు ఉన్న చోట ఇంజిన్ దగ్గి ఆగిపోవడం యాదృచ్ఛికం కాదు. ట్యాంకు పావు వంతుకు పడిపోయి ఉంటే మరో ప్రమాదం కూడా ఉంది. పడవ ఒక పక్కకు బాగా వాలినప్పుడు పీల్చే గొట్టం మొన బయటపడి, డీజిల్‌కు బదులు గాలి లాగుతుంది.

ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య ఉండే మొదటి ఫిల్టరు నీటిని వేరు చేసే రకం. దాని కింద పారదర్శకమైన గిన్నె ఉంటుంది. బయలుదేరే ముందు ఆ గిన్నె కింది మరను కొద్దిగా వదులు చేసి, ఖాళీ గాజు సీసాలోకి కాస్త డీజిల్ పట్టి, వెలుతురులో పెట్టి చూడాలి. మంచి డీజిల్ ఆవలి వస్తువు కనిపించేంత తేటగా ఉంటుంది. నీరుంటే కాసేపటికి అడుగున గీత గీసినట్టు విడిపోతుంది. ఆ గీత మీద నల్లటి నలుసులు తేలుతుంటే ఫిల్టరు మార్చడంతో సరిపెట్టకుండా ట్యాంకు విప్పాల్సిందే. ఈ మొదటి ఫిల్టరుకు నేను 10 మైక్రాన్లది, అంటే మిల్లీమీటరులో నూరో వంతు నలుసును ఆపేది వాడతాను. ఇంజిన్ మీదనున్న రెండో ఫిల్టరు అంతకంటే సన్నగా వడకడుతుంది కనుక మొదటి చోటే మరీ సన్ననిది పెట్టి, త్వరగా మూసుకుపోయేలా చేసుకోవడం అనవసరం.

ఫిల్టరు మార్చిన ప్రతిసారీ లోపల పట్టిన ఎయిర్ తీయాలి. రెండో ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, కింద గుడ్డ పెట్టి, డీజిల్ పంపు మీది చిన్న లివరును వేలితో ఆడించాలి. మొదట నురగ, తరువాత బుడగలు, చివరికి బుడగల్లేని ధార వస్తుంది. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి. లివరు ఊరికే వదులుగా ఆడుతుంటే పంపు చెడిందనుకోకండి. పంపును ఆడించే క్యామ్ అనే ఉబ్బెత్తు చక్రం ఎత్తు మీద ఆగి ఉంటుంది, ఇంజిన్‌ను కొద్దిగా తిప్పితే లివరుకు పట్టు దొరుకుతుంది. ఆ తరువాత ఇంజెక్టర్లకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు దగ్గర, అవసరమైతే ఇంజెక్టర్ల నట్ల దగ్గర కూడా ఇదే పని చేయాలి. ఇంజెక్టరు నుంచి డీజిల్ వంద బార్లకు మించిన ఒత్తిడితో చిమ్ముతుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ చేయి అడ్డం పెట్టనే కూడదు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. ఎయిర్ తీసేటప్పుడు స్టార్టరును పదే పదే తిప్పుతాం. ఇంజిన్ అందుకోదు కానీ, దానితోపాటు తిరిగే మరో పంపు ఇంజిన్‌ను చల్లబరిచే సముద్రపు నీటిని లాగుతూనే ఉంటుంది. ఆ నీటిని బయటికి నెట్టే పొగ ఒత్తిడి ఉండదు కనుక అది సైలెన్సరులో నిండి, వెనక్కి మళ్లి సిలిండర్లలోకి చేరగలదు. స్టార్టరు ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే ముందుగా నీటి వాల్వు మూసేసి, ఇంజిన్ అందుకున్న మరుక్షణమే తెరవాలి. తెరవడం మరచిపోతే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది కాబట్టి, వాల్వు మూసినప్పుడల్లా తాళంచెవికి ఎర్రగుడ్డ కట్టడం నా అలవాటు.

ఎయిర్ తీసిన తరువాత కూడా ఇంజిన్ తరచూ ఆగుతుంటే ఎక్కడో కీలు వదులైందన్నమాట. డీజిల్ పంపుకు ముందున్న గొట్టాలలో పీల్చే ఒత్తిడి ఉంటుంది కనుక అక్కడి సందులోంచి డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది. బయట అంతా పొడిగా ఉందని మోసపోకూడదు. డీజిల్‌కు తట్టుకునే పారదర్శక గొట్టం ముక్కను తాత్కాలికంగా మధ్యలో అమర్చి, బుడగలు ఎటు నుంచి వస్తున్నాయో చూస్తూ ట్యాంకు వైపు జరుగుతూ పోతే దోషం దొరుకుతుంది. విప్పిన చోటల్లా కొత్త రాగి వాషర్లు వేయడం మేలు.

ఇక సమయం సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే 61 రోజుల వేట నిషేధంలో మరపడవల మరమ్మతులన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి, అప్పుడు హార్బరులో డీజిల్ మెకానిక్కులకు తీరిక ఉండదు. ట్యాంకు శుభ్రం చేసే పని మార్చిలోనే ముగించుకోవడం తెలివైన పని. అక్టోబరు, నవంబరు తుపానుల కాలానికి ముందు మరొకసారి గిన్నె చూసి, ట్యాంకు నింపి, రెండు రకాల ఫిల్టర్లూ అదనంగా పడవలో ఉంచుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నగరంలో కరెంటు, పెట్రోలు బంకులు ఎలా స్తంభించాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. బంకు నుంచి క్యాన్లలో తెచ్చిన డీజిల్‌ను ఒక రాత్రి కదల్చకుండా ఉంచి, అడుగున మిగిలిన కాస్తా వదిలేసి, జల్లెడ ఉన్న గరాటులోంచి పోయండి.

తోడిన మడ్డిని మాత్రం పడవ అడుగున వదలవద్దు. నీరు పెరిగినప్పుడు దానంతటదే నడిచే పంపు దానిని హార్బరు నీటిలోకి చిమ్మేస్తుంది. గట్టి మూత ఉన్న క్యాన్‌లో పట్టి, ఒడ్డున వాడిన ఆయిల్ తీసుకునేవారికి అప్పగించండి.