రెండు గోల్కొండలు, ఒక నలికండ్ల పాము

తునిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పటికి నా దగ్గరున్న విలువైన సామానల్లా ఒక పెన్‌డ్రైవ్. చింతపల్లి కాఫీ తోటల్లో, రాలిన ఆకుల కింద నుంచి బయటికొచ్చిన ఒక నలికండ్ల పాము ఫొటోలు అందులో ఉన్నాయి. పేరులో పాముందే గానీ ఇది బల్లి జాతి జీవి. సన్నగా, పొడుగ్గా ఒళ్లు, పేరుకే కాళ్లు. మా ఊళ్లో గోడల వెంట పరిగెత్తే రకం కాదని చూడగానే తెలుస్తోంది. ఫోన్లో యాప్‌ని అడిగితే ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెప్పింది. ఆ సంగతి తేల్చుకుందామనే ఈ ప్రయాణం. ఇంట్లో మాత్రం పెద్దమ్మగారి అబ్బాయి గృహప్రవేశమని చెప్పాను. అదీ నిజమే.

నాంపల్లిలో దిగి, మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారి తార్నాక చేరాను. ఎమ్మెస్సీలో నా రూమ్మేటు ఇప్పుడు ఉస్మానియా వైపే సరీసృపాల మీద పరిశోధన చేస్తున్నాడు. టీ అయినా తాగకుండా పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టబోతే పక్కన పెట్టేశాడు. "ఫొటోలు తర్వాత చూద్దాం గానీ, ముందు ఇది లెక్కపెట్టరా" అని స్పిరిట్ సీసాలోంచి ఒక జీవిని ట్రేలో పెట్టి మైక్రోస్కోపు నా ముందుకు జరిపాడు.

అది యూట్రోపిస్ కారినేటా అనే నలికండ్ల పాము. మన పెరళ్లలో, రాళ్ల సందుల్లో రోజూ కనిపించేదే. 1801లో జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ పేరు పెట్టాడు. పెంకుటిల్లు కప్పినట్టు పొలుసు మీద పొలుసు, ఒక్కో వీపు పొలుసు మీద సన్నటి గట్లు. దీనికి మామూలుగా 3 నుంచి 5 గట్లుంటాయి. దీని చిన్న చుట్టం యూట్రోపిస్ మాక్యులేరియాకు 5 నుంచి 9 దాకా. మరి 5 ఉంటే ఏదనుకోవాలి? అప్పుడు నడుం చుట్టూ ఎన్ని వరసల పొలుసులున్నాయో లెక్కపెట్టాలి. కారినేటాకైతే 30 నుంచి 34. చిమటాతో ఒక్కో పొలుసూ తాకుతూ లెక్కపెడుతుంటే మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదటికి రావాల్సి వచ్చేది. వాడు మాత్రం పాటలు వింటూ చేసేస్తాడు.

గట్లే లేని నున్నటి రకాలదింకో దారి. రియోపా పంక్టాటా కింది రెప్పలో పారదర్శకమైన బిళ్ల ఉంటుంది. మట్టిలో దూరేటప్పుడు రెప్ప మూసినా దానికి వెలుతురు అందుతుంది. కారినేటా రెప్పకు పొలుసులే తప్ప ఆ అద్దం లేదు. నా మటుకు నాకు ఆ రోజు చూసినవాటిలో బాగా నచ్చింది ఆ రెప్పే.

పేర్లు కూడా నిలకడగా ఉండవు. ఈ కారినేటా ఒకప్పుడు మబూయా అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో (జీనస్), ఉండేది. 2002లో ఆసియా రకాలను యూట్రోపిస్‌లోకి మార్చారు. రియోపా కూడా నిన్నమొన్నటి దాకా లైగోసోమానే. డీఎన్‌ఏ పోల్చి చూశాక, 2019లో భారతదేశపు రకాలు చాలావరకు రియోపాలోకి వచ్చాయి. ఇదంతా చాదస్తమని కొందరు నవ్వుతారు గానీ, చుట్టరికం తెలియకుండా పేరు పెట్టి ఏం లాభం?

మధ్యాహ్నం గోల్కొండకు ఆటో కట్టాం. మా మాటలు వింటున్న డ్రైవరు ఉండబట్టలేక వెనక్కి తిరిగాడు. "గది కుడ్తె మనిషి బత్కడంట గదన్నా?" దానికి విషమే లేదన్నా నమ్మలేదు. కోటలో ఫతే దర్వాజా దగ్గర జనం చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటుంటే, మేం బాలాహిస్సార్ మెట్ల పక్కన గ్రానైటు బండల సందులు వెతుక్కుంటూ ఎక్కాం. రాతి తొండలు కనిపించాయి. ఎండ కాగుతున్న కారినేటా ఒకటి మా నీడ పడగానే సందులో దూరింది.

అక్కడ కూర్చున్నాక మా వాడు అసలు కథ చెప్పాడు. మద్రాసు అటవీశాఖను నడిపిన సైనికాధికారి బెడ్డోమ్ 1870లో సెప్సోఫిస్ పంక్టాటస్ అనే నలికండ్ల పామును వర్ణించాడు. పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్లు. ఆ ప్రజాతిలో ఉన్నది అదొక్కటే. దొరికిన చోటు గోల్కొండ కొండలని రాశాడు. అది చదివి ఈ కోట చుట్టూ వెతికితే జన్మలో దొరకదు. ఆయన గోల్కొండ అప్పటి విశాఖ జిల్లాది, రంప పితూరీ పాకిన ఏజెన్సీ కొండలు. మా నర్సీపట్నం పక్క గొలుగొండ అన్నమాట! ఇక్కడ ఎండకు పేలే గ్రానైటు, అక్కడ ఖోండలైటు రాయి, తేమ, ఆకుల దుప్పటి. చాలాకాలం ఎవరికీ కనపడని ఆ జీవి తూర్పు కనుమల్లో మళ్లీ దొరికింది. దాని ఆకారం, ఆవాసం వివరిస్తూ 2013లో పరిశోధన పత్రం వచ్చింది.

ఇక నేను ఆగలేకపోయాను. పెన్‌డ్రైవ్ వాడి లాప్‌టాప్‌కి పెట్టి ఆ మెట్ల మీదే చూపించాను. వాడు ఒక్కో ఫొటో పెద్దది చేసి చూశాడు. "చోటు సరిపోయింది, ఒళ్లూ అలాగే ఉంది. కానీ అన్నీ పైనుంచి తీసినవే కదరా. రెప్ప కనపడదు, వేళ్లు ఆకుల్లో ఉన్నాయి. రియోపా కాదని నేను సంతకం పెట్టలేను" అన్నాడు. వాడిని బతిమాలి లాభం లేదు. పేరు తొందరపడి రాసేస్తే తర్వాత వచ్చేవాళ్లు ఆ చోటంతా తప్పు జీవి కోసం వెతుకుతారు. ఈ విషయంలో నాదీ వాడి పక్షమే.

ఏం కావాలో కాగితం మీద రాసిచ్చాడు: తల పక్కనుంచి, కన్ను దగ్గరగా, నాలుగు పాదాలు, నడుం దగ్గర పొలుసులు, పక్కన స్కేలు, దొరికిన చోటు జీపీఎస్, ఎత్తు, ఏ చెట్ల కిందో. చేత్తో పట్టుకోవద్దన్నాడు. తోక తెగిపోతుంది, పైగా అడవిలో నమూనా తీయాలంటే అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. ఆ దరఖాస్తు తనే పెడతానని, తొలకరి పడగానే చింతపల్లి వస్తానని మాటిచ్చాడు. గృహప్రవేశం భోజనానికి వాడినీ తీసుకెళ్లాను. గుత్తివంకాయ రెండోసారి వేయించుకున్నాడు.