తండా స్త్రీలు ఆసుపత్రికి పాఠం చెప్పారు: నా అనుభవం

నల్లగొండ జిల్లా చందంపేట మండలంలోని ఒక లంబాడీ తండాలో పుట్టి, నర్సింగ్ చదివి, దేవరకొండ ప్రాంతంలోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో పనిచేస్తున్నాను. మా తండాల స్త్రీల చేత ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇప్పించడానికి ఏమేం చేయవలసి వచ్చిందో, ఇటువంటి ప్రయత్నం తలపెట్టే నర్సులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఈ ఆలోచనకు మూలం న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ నర్సు ఇరిహపెటి రామ్స్‌డెన్. ఆ దేశపు మూలవాసులైన మావోరీలకు అందుతున్న వైద్యాన్ని చూసి ఆమె రూపొందించిన ‘సాంస్కృతిక భద్రత’ (రోగి సంస్కృతిని కించపరచకుండా సేవ చేయడం) అనే భావనను అక్కడి నర్సింగ్ కౌన్సిల్ 1992లో నర్సుల చదువులో చేర్చింది. సేవ సురక్షితంగా ఉందో లేదో తేల్చవలసినది చేసినవారు కాదు, పొందినవారు అన్నది అందులో ప్రధానం. నేను పనిచేసిన చోట్ల, ఆలస్యంగా వచ్చిన గర్భిణిని “మీ తండావాళ్లకు ఎంత చెప్పినా అంతే” అని పదిమందిలో కోప్పడడం తరచుగా విన్నాను; ఎందుకు ఆలస్యమైందని అడిగినవారు అరుదు.

శిక్షణల పట్టికలో ఇది లేదంటూ మొదటి దరఖాస్తును తిప్పి పంపారు. తరువాతి దరఖాస్తుకు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో గర్భిణికి తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలన్న కేంద్ర ఆరోగ్య శాఖ 2016 నాటి మార్గదర్శకాలనూ, ప్రసవ గదుల నాణ్యత కోసం 2017లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమ వివరాలనూ జతపరిచాను. అప్పుడు ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశం ముగిశాక కొంత సమయం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మీరు కూడా మొదటే ప్రభుత్వ ఉత్తర్వును వెతికి పెట్టుకోండి.

తండావాళ్లను ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకొని మేమెందుకు రావాలని వారు అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. శిక్షణ ఇచ్చే డాక్టరుకు భత్యం ఉన్నప్పుడు వీరికి మాత్రం ఎందుకు ఉండకూడదు? పత్తి పనులు తగ్గే వరకు ఆగాను. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో చాలా తండాలు పంచాయతీలు కావడం వల్ల సర్పంచి మా మనిషే. ఆయన సాయంతో కూలి, ఆటో ఖర్చులు సమకూరాకే వారు వచ్చారు. ఏం చెప్పాలో వారే నిర్ణయించుకున్నారు. వారు మా లంబాడీ భాష గోర్ బోలిలో మాట్లాడినదాన్ని తెలుగులో వినిపించడమే నా పని. నేను లంబాడీనే అయినా, జీతం తీసుకునే ఉద్యోగిని కాబట్టి వారి పక్షాన మాట్లాడడం సరికాదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఒక పెద్దామె జబ్బకు తొడుక్కున్న గాజులను చూపించి మొదలుపెట్టింది. మాలో అవి భర్త బతికి ఉన్న స్త్రీ ధరించేవి. ఆయన పోయినప్పుడే తీస్తారు. బీపీ చూడడానికో, ఆపరేషన్‌కో ఒక్క మాటైనా చెప్పకుండా వాటిని తీయించడం ఎంత బాధ కలిగిస్తుందో ఆమె చెబుతుంటే, ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్న నర్సులు మొదటిసారిగా విన్నారు. తీయక తప్పనప్పుడు ముందుగా కారణం చెప్పాలనీ, తీసే పని ఇంటి స్త్రీకే అప్పగించాలనీ ఆమె కోరింది. తండాలో కాన్పులు చేసిన మరొకామె, తన కోడలు నొప్పులు పడుతుంటే తనను గేటు బయటే నిలబెట్టారని చెప్పింది. ప్రాణం మీదికి వస్తే ఇవన్నీ చూసుకునే వ్యవధి ఎక్కడిదని ఒక డాక్టరు అడిగారు. “అప్పుడు గాజులు కోయండి, కానీ ఏం చేస్తున్నారో గర్భిణికి చెబుతూ చేయండి” అని ఆ పెద్దామె బదులిచ్చింది.

ఇప్పుడు మా ప్రసవ గదిలోకి అత్తనో తల్లినో రానిస్తున్నాము. గాజుల విషయం డ్యూటీ మారేటప్పుడు చెప్పుకుంటున్నాము. అయితే విన్నవారు బదిలీపై వెళ్లిపోతే కొత్తవారికి ఇవేవీ తెలియవు. అందుకే నర్సింగ్ విద్యార్థుల ఆసుపత్రి శిక్షణలోనే దీన్ని చేర్చాలని మళ్లీ దరఖాస్తు పెట్టాను. తండా స్త్రీలు రెండు షరతులు పెట్టారు: వచ్చిన రోజుకు కూలి ఇవ్వాలి, కాన్పై ఇంటికి వెళ్లిన బాలింతలను వారి భాషలోనే అడిగి, వారు చెప్పినదాన్ని సిబ్బంది సమావేశంలో చదివి వినిపించాలి. మొదటిదానికి అధికారులు సమ్మతించారు. రెండోది పరిశీలనలో ఉంది. దాన్ని తొలగించి అనుమతి ఇస్తామంటే తీసుకోవద్దని మేమందరమూ కలిసి నిర్ణయించుకున్నాము.